రుక్మాబాయి వేలిముద్ర

నిజామాబాదులో ఖిల్లా వెనక సందుల్లో ఆ రోజుల్లో పొద్దున్నే ఒక కచ్చురం బండి తిరిగేది. రెండెడ్ల బండి, పైన వెదురు గూడు, ముందూ వెనకా నీలం పరదాలు. ఆడపిల్లల బడి బండి అది. నొగల దగ్గర కూర్చుని పోశయ్య తోలేవాడు. వెనకాల నడిచి వచ్చే మనిషి రుక్మాబాయి, బడి ఆయా. ఒక్కో ఇంటి ముందు ఆగి, గొళ్ళెం రెండుసార్లు కొట్టి, పిల్లను పేరు పెట్టి పిలిచేది. తలుపు ఓరగా తెరుచుకునేది. లోపలినుంచి ఒక చెయ్యి పిల్లను ముందుకు తోసేది. రుక్మాబాయి ఆ పిల్లను ఎత్తి బండిలో కూర్చోబెట్టి, వేలి కణుపు మీద ఒక లెక్క వేసుకునేది. మొత్తం పద్దెనిమిది మంది. సాయంత్రం మళ్ళీ అవే తలుపులు, అదే లెక్క. ఆ తల్లుల్లో చాలామంది బడి గడప చూసి ఎరగరు. వాళ్ళకు బడి అంటే రుక్మాబాయే.

ఆమె పుట్టింది కందకుర్తి పక్క పల్లెలో. గోదావరి అవతలి ఒడ్డున మరాఠీ, ఇవతల తెలుగు. ఆమె నోట రెండూ కలిసే వచ్చేవి. భర్త గంజి బజారులో మూటలు మోసే హమాలీ. ప్లేగు వచ్చిన ఏడు రెండు రోజుల జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. బోధన్ దగ్గర ఊళ్ళో చెరుకు వేసుకునే తమ్ముడు తుకారాం వచ్చి తన ఇంటికి రమ్మన్నాడు. తమ్ముడి పెళ్ళాం చేతి అన్నం తింటూ ఎన్నాళ్ళుంటానని రుక్మాబాయి పట్నంలోనే ఉండిపోయింది. అప్పటి పెద్ద పంతులమ్మ ఒక ముసలావిడ. ఆమె రుక్మాబాయి చేతులు చూసి, "పిల్లల్ని ఎత్తి దించే చేతులు ఇవి" అని ఆ పనిలో పెట్టింది. అయిదేళ్ళు గడిచాయి. అయిదేళ్ళలో ఒక్క పిల్ల కాలు బెణకలేదు.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో ఆ ముసలావిడ కొలువు విడిచిపోయి రేణుకమ్మ వచ్చింది.

రేణుకమ్మకు ముప్పై అయిదేళ్ళుంటాయి. చిన్నప్పుడే భర్త పోతే హైదరాబాదులో చదువుకుని, పట్టుబట్టి పంతులమ్మ అయింది. ఉర్దూ ముత్యాల్లా రాసేది. చదువు చెప్పడంలో ఆమెకు వంక పెట్టేవారు లేరు. కానీ కింద పనిచేసేవాళ్ళను చూస్తే ఆమెకేదో అయ్యేది. మొదటి వారంలోనే రుక్మాబాయి ఏదో చెప్పబోతే పిల్లలందరి ముందూ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు మాట్లాడేది తెలుగా, మరాఠీయా? రెండూ రాని దానివి బడిలో నోరు తెరవకు."

పిల్లలు నవ్వారు. పసిపిల్లలు, ఎవరు నవ్వినా నవ్వుతారు. అయినా ఆ నవ్వు రుక్మాబాయికి చాలా రోజులు చెవుల్లో ఉండిపోయింది.

అక్కణ్ణుంచి అది రోజూ ఉండే పని అయింది. రుక్మాబాయి అన్న పేరు బడిలో వినబడకుండా పోయింది. "ఏయ్", "ఇదిగో దాన్ని పిలువు", "ఆ జంగ్లీ ఎక్కడ?" ఇవే పిలుపులు. బడి పని అయ్యాక రేణుకమ్మ ఇంట్లో చీరలుతకాలి. ఉతికిన చీర మీద మరక ఉందని మళ్ళీ నీళ్ళలో పడేసేది. సుద్దముక్కల డబ్బా కనబడకపోతే అందరిలో రుక్మాబాయి కొంగు విప్పించి చూసింది. డబ్బా బల్ల కింద దొరికింది. దొరికాక ఎవరూ ఏమీ అనలేదు. చెప్పిన పని చేసి వచ్చి నిలబడితే, తల ఎత్తకుండా రాసుకుంటూ చాలాసేపు నిలబెట్టేది. "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని అప్పుడు విసుక్కునేది.

రుక్మాబాయి ఎదురు మాట్లాడలేదు. కానీ ఆమెలో ఒక మార్పు వచ్చింది, అది చూసి ఆమెకే భయం వేసింది. పద్దెనిమిది మందిని ఒక్కసారి లెక్కపెడితే సరిపోయేది. ఇప్పుడు మూడుసార్లు లెక్కపెట్టినా అనుమానం తీరేది కాదు. తిరగాల్సిన సందు దాటి ముందుకు పోయేది. గొళ్ళెం కొట్టి, పిల్ల పేరు గుర్తు రాక నిలబడిపోయేది. "నేను నిజంగనే పనికిరానిదాన్ని అయితున్ననేమో" అని ఒకరోజు పోశయ్యతో అంది.

పోశయ్య ఎడ్ల మెడలు నిమురుతూ, "నువ్వు గట్ల అనకక్కా. పంతులమ్మ కండ్ల ముంగట పడకుండ తిరుగు. గంతే" అన్నాడు. అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

పుష్య మాసం వచ్చింది. బోధన్‌లో చక్కెర కార్ఖానా లేచాక చెరుకు బండ్లతో దారులన్నీ నిండిపోయేవి. ఒకనాడు తుకారాం గంజిలో పని పడి బండితో పట్నానికి వచ్చి, బడి గేటు దగ్గర ఆగి అక్కకు నాలుగు చెరుకు గడలు ఇచ్చి పోయాడు. రేణుకమ్మ కిటికీలోంచి అది చూసింది.

తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం రేణుకమ్మ హడావిడిగా బయటికి వచ్చి బండి కట్టమంది. ఎక్కడికో చెప్పలేదు. రుక్మాబాయి పరదా ఎత్తి పట్టుకుంది, ఆమె ఎక్కింది, బండి పోయింది. నాలుగింటికి బడి విడిచారు. బండి రాలేదు. అయిదయింది. మిగతా పంతులమ్మలు ఇళ్ళకు పోయారు. పద్దెనిమిది మంది పిల్లలూ వసారాలో రుక్మాబాయి చుట్టూ చేరారు. చలికాలపు పొద్దు, చూస్తుండగానే నీడలు పొడుగయ్యాయి. చిన్నపిల్లలు ఆకలని ఏడుపు మొదలుపెట్టారు. రుక్మాబాయి దగ్గర ఏమీ లేదు. గోదావరి పుష్కరాల కథలు, చిన్నప్పుడు తాము ఇసుకలో కట్టిన గూళ్ళ కథలు చెప్పి కూర్చోబెట్టింది. నడిపించి తీసుకుపోదామంటే ఆ ఇళ్ళలో పిల్లలు పరదా లేకుండా వీధిలో నడిచే అలవాటు లేదు. ఒక్కో ఇంటికి ఒక్కో పిల్లను దింపివద్దామంటే మిగతావాళ్ళను ఎవరి దగ్గర విడవాలి?

చీకటి పడేవేళకు గంజిలో కిరాణా వ్యాపారి బాలనర్సయ్య రొప్పుతూ వచ్చాడు. అతని ఇద్దరు కూతుళ్ళూ ఆ పిల్లల్లో ఉన్నారు.

"ఏమాయె మీ బండికి? ఇంట్ల ఆడోళ్ళు ఏడుస్తున్నరు! ఎవరిది జిమ్మేదారి?" అని గేటు దగ్గరే అరిచాడు.

సరిగ్గా అప్పుడే బండి వచ్చింది. రేణుకమ్మ వీధి మూల మీదే దిగి నడిచి వచ్చినట్టుంది, బండి వెనకాల కనబడింది. బాలనర్సయ్య ముఖం చూసింది. ఒక్క క్షణం ఆమె పెదవులు తెల్లబడ్డాయి. బడి బండిని సొంతానికి వాడకూడదని పైవాళ్ళ హుకుం ఉంది. అంతలోనే ఆమె వేలు రుక్మాబాయి వైపు తిరిగింది.

"అడగండి దీన్నే! నేను బయట పని మీద పోతూ బండి సిద్ధంగా పెట్టమన్నాను. ఇది తమ్ముడి చెరుకు పనికి పంపింది. మొన్న వాడు గేటు దగ్గరికి రావడం నా కళ్ళతో చూశాను."

రుక్మాబాయి పోశయ్య వైపు చూసింది. పోశయ్య ఎడ్ల కాళ్ళ వైపు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున బండిలోంచి పిల్లలను దించుతుండగా రేణుకమ్మ పిలిచింది. బల్ల మీద కాగితం, సిరా గుడ్డ. "హాజరు కాగితం. వేలు పెట్టు, త్వరగా." నెలకోసారి అలా పెట్టడం అలవాటే. బండిలో ఇంకా ముగ్గురు పిల్లలు దిగాల్సి ఉంది. రుక్మాబాయి వేలు పెట్టి, కొంగుకు తుడుచుకుని పరిగెత్తింది.

ఎనిమిది రోజుల తర్వాత ఆమె చేతిలో ఉర్దూ కాగితం ఒకటి పడింది. "రేపటినుంచి రావద్దు. నువ్వు ముఅత్తల్. పైనుంచి హుకుం వచ్చేదాకా పనిలో లేవు" అంది రేణుకమ్మ. ఆ రోజు మాత్రం అరవలేదు.

మరుసటి పొద్దున రుక్మాబాయికి అదే వేళకు మెలకువ వచ్చింది. తన గది ముందునుంచే బండి పోతుంది. చక్రాల చప్పుడు, ఎడ్ల గంటలు, వెనకాల తనది కాని అడుగుల చప్పుడు. రేణుకమ్మ ఇంటి పనిమనిషిని పంపినట్టున్నారు. రుక్మాబాయి తలుపు వేసుకుని కూర్చుంది. బయటికి పోతే ఇరుగుపొరుగు అడుగుతారు. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. జరిగింది చెప్తే నమ్ముతారా? పిల్లలు ఇళ్ళలో ఏం చెప్పారో! నవ్వారా మళ్ళీ?

మూడో రోజు సకీనా బీ కబురు పంపింది. ఆమె సర్కారు కచేరీలో రాతపని చేసే మున్షీ భార్య. ఆమె కూతుళ్ళిద్దరు బండిలో వచ్చేవారు. ఉర్దూ, ఫారసీ చదువుకున్న మనిషి. గడప దాటి బయటికి రాదు కానీ ఊళ్ళో సంగతులన్నీ ఆమెకు చేరేవి.

"కూర్చో రుక్మాబాయీ. ఆ కాయితం తెచ్చినవా?"

సకీనా బీ కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చదివింది. ఒకసారి, ఇంకోసారి. తర్వాత మెల్లగా అంది: "బండిని తమ్ముని చెరుకు పనికి పంపిన అని నువ్వే ఒప్పుకున్నవట. వేలు గూడ పెట్టినవట."

"నేనా?"

"ఇట్లనే రాసున్నది."

రుక్మాబాయికి హాజరు కాగితం గుర్తొచ్చింది. బండిలో మిగిలిన ముగ్గురు పిల్లలు గుర్తొచ్చారు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. తిట్లు పడ్డప్పుడు ఇలా అనిపించలేదు. తిట్లు ఎదుటివాళ్ళ నోటివి. ఇది తన వేలు. తననే తన మీద సాక్ష్యం చేశారు.

సకీనా బీ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత కలం తీసింది. "దర్ఖాస్తు రాస్త. బడులు తనిఖీ చేసే పెద్ద దొరసానికి. నువ్వు చెప్పు."

రుక్మాబాయి చెప్పింది, సకీనా బీ రాసింది. రాసింది చదివి, తెలుగులో అర్థం చెప్పింది. ఒకచోట రుక్మాబాయి ఆపింది.

"గా మాట ఏందమ్మా?"

"దిక్కులేని విధవను, దయ చూపమని. ఇట్ల రాస్తె పెద్దోళ్ళ మనసు కరుగుతది."

"తీసెయ్యమ్మా. నేను దయ అడుగుతలేను. గా పూట ఏం జరిగిందో అడగమంటున్న. గంతే రాయి."

సకీనా బీ ఆమె ముఖంలోకి చూసింది. ఆ కాగితం పక్కన పెట్టి కొత్త కాగితం తీసి మొదటినుంచి రాసింది. రెండుసార్లు చదివి వినిపించాకే రుక్మాబాయి వేలు పెట్టింది.

దర్ఖాస్తు బడి ద్వారా పంపితే రేణుకమ్మ చేతిలోనే ఆగిపోతుంది. దొరసాని మూడు రోజులు బోధన్ డాక్ బంగళాలో మకాం ఉంటుందని మున్షీ కచేరీలో విని వచ్చాడు. రుక్మాబాయి అక్కడికే పోవాలనుకుంది. పోయే ముందు పోశయ్య ఇంటికి వెళ్ళింది.

"పోశన్నా, నువ్వు జూసిందే చెప్పు. నా కోసం కొత్తగ ఏం చెప్పకు."

పోశయ్య చేతిలో పగ్గం చుట్టడం ఆపాడు. "అక్కా, గా బండి సర్కారుది. ఎడ్లు సర్కారువి. నన్ను గూడ ఎల్లగొడితె నలుగురు పిల్లలు..." అని ఆగిపోయాడు. అతని పెళ్ళాం లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రుక్మాబాయి తాగి లేచింది. అతని మీద కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. ఆర్నెల్లు తను తల వంచుకుని తిరిగింది కూడా ఆ భయంతోనే.

బోధన్ వైపు ఖాళీగా పోతున్న చెరుకు బండి ఎక్కి వెళ్ళింది. డాక్ బంగళా గేటు దగ్గర చప్రాసీ లోపలికి పోనివ్వలేదు. మొదటి రోజంతా గోడ పక్కన కూర్చుంది. ఎదురుగా దారి మీద చెరుకు బండ్లు ఒకదాని వెనక ఒకటి కార్ఖానా వైపు సాగిపోతున్నాయి. రెండో రోజు పొద్దున దొరసాని నడకకు బయటికి వచ్చినప్పుడు రుక్మాబాయి లేచి, దర్ఖాస్తు రెండు చేతులతో ముందుకు పట్టింది.

దొరసాని నిలబడే చదివింది. ఆమె తెలుగు తడబడేది కానీ అర్థమయ్యేది.

"నీ వేలిముద్ర ఉన్నది కదా ఆ కాగితం మీద. నీది కాదంటావా?"

"వేలు నాదే తల్లీ. మాట నాది గాదు. హాజరు కాయితమని పెట్టమన్నరు."

"బండి ఎక్కడికి పోయింది?"

"నాకెర్క లేదు. పంతులమ్మ ఎక్కుడు జూసిన, నేనే పరదా పట్టిన. యాడికి పోయిందో నేను జూడలే. చూడనిది చెప్ప."

దొరసాని కాగితం మడిచింది. "విచారిస్తాను" అని ముందుకు నడిచింది. అంతే. మాట ఇవ్వలేదు, ధైర్యం చెప్పలేదు.

రుక్మాబాయి తమ్ముడి ఊరికి పోయింది. చెరుకు నరికే కాలం. ఆకు ఒలిచే పనికి చేతులు కావాలి. పొద్దంతా ఒలిచేది. చెరుకాకు అంచులకు ముంజేతులు గీసుకుపోయి సాయంత్రం నీళ్ళు తగిలితే మండేవి. తుకారాం రోజూ అదే మాట అనేవాడు.

"ఇంక ఆ కొలువెందుకక్కా? ఈడనే ఉండు. నిన్నెవ్వరు ఏమంటరు ఈడ?"

నిజమే, అక్కడ ఎవరూ ఏమీ అనరు. అది తలుచుకుంటే హాయిగానే ఉండేది. కానీ ఇక్కడే ఉండిపోతే ఆ కాగితంలో ఉన్నదే నిజమవుతుంది. పద్దెనిమిది ఇళ్ళలో అదే మాట నిలుస్తుంది. "పొమ్మంటె పోత తమ్మీ. దొంగను జేసి ఎల్లగొడితె మాత్రం పోను" అంది చివరికి.

ఈలోగా పట్నంలో సకీనా బీ తన పిల్లలను బండి ఎక్కించడం మానేసింది. గొళ్ళెం కొట్టిన కొత్త మనిషితో, "మాకు ఎర్కలేని మనిషి చేతిల పిల్లల్ని పెట్టం" అని తలుపు వెనకనుంచి చెప్పి పంపింది. ఆ మాట ఒక గోడనుంచి ఇంకో గోడకు పాకింది. వారం తిరిగేసరికి బండిలో ఏడుగురు మిగిలారు. బాలనర్సయ్య ఇంట్లో కూడా ఆడవాళ్ళు పిల్లలను కూర్చోబెట్టి ఆ సాయంత్రం సంగతి మళ్ళీ అడిగారు. ఆయా ఎక్కడికీ పోలేదని, వాళ్ళకు ఇసుక గూళ్ళ కథ చెప్పిందని పిల్లలు చెప్పారు.

దర్ఖాస్తు అందిన పదిహేనో రోజు దొరసాని చెప్పాపెట్టకుండా బడికి వచ్చింది. రుక్మాబాయిని, పోశయ్యను పిలిపించింది. రేణుకమ్మ కలం పట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉంది. దొరసాని ముందు పిల్లలను అడిగింది, తర్వాత పోశయ్య వైపు తిరిగింది.

"ఆ రోజు బండి ఎక్కడికి తోలినవు?"

"యాది లేదు దొరసానీ."

రుక్మాబాయి అతని వైపు చూడలేదు. తను చూస్తే అతని మీద బరువు పెట్టినట్టవుతుందని నేల మీదున్న సుద్ద మరకను చూస్తూ నిలబడింది. పోశయ్య ఒకసారి ఆమె ముంజేతుల మీద గీతలు చూశాడు.

"టేషన్‌కు తోలిన. పంతులమ్మ వాళ్ళ చెల్లె రైల్ల పోతుంటె చూస్తనన్నది. రైలు ఆలస్యం అయింది. రుక్మక్క బడిల్నే ఉన్నది."

రేణుకమ్మ తేదీలు కలగాపులగం అయ్యాయేమో అంది. ఆమె గొంతు ఆమెకే వినపడనంత చిన్నగా ఉంది. దొరసాని రుక్మాబాయి వైపు తిరిగి అడిగింది: "ఇంకేమైనా చెప్పుకుంటావా?"

చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. చీరలు, సుద్దముక్కల డబ్బా, అందరి ముందూ విప్పించిన కొంగు. దారి పొడుగునా వాటిని వరస పెట్టుకునే వచ్చింది. కానీ బల్ల మీద రేణుకమ్మ చేతిలో కలం వణుకుతోంది. ఆ వణుకు రుక్మాబాయికి తెలుసు. పిల్ల పేరు గుర్తు రాక తలుపుల ముందు నిలబడినప్పుడు తన చేతులు అలాగే వణికేవి.

"నాకొక పేరున్నది దొరసానీ. గా పేరుతోటి పిలవాలె. ఇంటి చాకిరి నా పని గాదు. ఇంకేం లేదు."

తీర్పు పూర్తిగా న్యాయంగా రాలేదు. రుక్మాబాయిని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ముఅత్తల్ అయిన రోజుల జీతం మాత్రం రాలేదు. చదవకుండా వేలు పెట్టినందుకు ఇకముందు జాగ్రత్తగా ఉండాలని ఆమెకే ఒక హెచ్చరిక రాశారు. రేణుకమ్మకు గది తలుపు మూసి ఏం చెప్పారో ఎవరికీ తెలియదు. కాగితం మీద మాత్రం ఏమీ రాలేదు. హెచ్చరిక కాగితం మీద వేలు పెట్టమన్నప్పుడు రుక్మాబాయి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సదివి చెప్పుండ్రి. విన్నంక పెడత."

దొరసాని మొదట కనుబొమ్మలు ముడిచింది. తర్వాత తనే, తడబడే తెలుగులో, ప్రతి మాటా చదివి చెప్పింది.

మర్నాడు పొద్దున సకీనా బీ ఇంటి గొళ్ళెం కొడితే రెండో చప్పుడుకు ముందే తలుపు తెరుచుకుంది. నాలుగు రోజుల్లో పద్దెనిమిది మందీ వచ్చారు. రేణుకమ్మ అప్పటినుంచి "రుక్మాబాయీ" అనే పిలిచేది. ఆ పిలుపులో వెచ్చదనం లేదు. పని చెప్పి తల తిప్పుకునేది. ఒకే కప్పు కింద ఇద్దరూ అలా నెలల తరబడి పనిచేశారు. పనిలో రుక్మాబాయి తడబాటు మెల్లమెల్లగా తగ్గింది. లెక్క మాత్రం చాలాకాలం రెండుసార్లు వేసుకునేది. జరిగిన దానికి ఆనవాలుగా ఆ రెండో లెక్క ఆమెలో మిగిలిపోయింది.

మరుసటి వానాకాలంలో రేణుకమ్మకు వేరే ఊరికి బదిలీ అయింది. సామాను స్టేషనుకు చేర్చడానికి ఈసారి హుకుం తీసుకునే బండి కట్టించింది. రుక్మాబాయి పెట్టెలు అందించి బండి వెంట నడిచింది. బండి స్టేషన్ ముందు ఆగాక రేణుకమ్మ దిగలేదు. పరదా అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

"రుక్మాబాయీ, ఆ రోజు ఆ మనిషి అలా అరుస్తుంటే... నా కొలువు పోతుందనిపించింది. నాకూ ఆదుకునేవాళ్ళు ఎవరూ లేరు. చాలా భయమేసింది."

క్షమించమని ఆమె అనలేదు. అంటుందేమోనని రుక్మాబాయి కొంచెంసేపు ఎదురుచూసింది.

"నాక్కూడ ఏసింది పంతులమ్మా" అంది తర్వాత.

కూలీని పిలిచి పెట్టెలు ఎత్తించింది. రైలు ఇంకా రాలేదు, కానీ నాలుగు కావస్తోంది. బడి విడిచే వేళయిందని చెప్పి, పోశయ్యను ఎడ్లను తిప్పమంది.